మంత్రదండం, స్పర్శ, విభూతి: కైరుప్పల పిడకల సమరంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు జానపద కథల్లోనూ జానపద చలనచిత్రాల్లోనూ మంత్రదండం సుపరిచితమైన వస్తువు. అయితే దాని శక్తి ఎక్కడ ఉంటుంది? కర్రలోనా, పట్టిన చేతిలోనా, పలికిన మంత్రంలోనా? ఆ శక్తి ఎదుటివారిని చేరాలంటే తాకి తీరాలా? కథ చదివేవారికి ఈ సందేహాలు అంతగా రావు. వీటిని అక్షరం వదలకుండా ఎదుర్కొన్నవి, ఆశ్చర్యంగా, ఆటల నియమగ్రంథాలు. ఆ నియమాలను పక్కన ఉంచుకొని కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని కైరుప్పల ఆచారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్ర నుంచి నిల్వపాత్ర దాకా

హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ పదవ సర్గలో సర్సీ అనే మాయావిని మందు కలిపిన ఆహారం పెట్టి, ఆ తరువాత కర్రతో కొట్టి నావికులను పందులుగా మారుస్తుంది. పదమూడవ సర్గలో అథీనా దేవత కర్రతో తాకి కథానాయకుణ్ణి ముసలివాడిగా చేస్తుంది. ఈ రెండు చోట్లా కర్ర చేతికి పొడిగింపు మాత్రమే. తాకితేనే పని జరుగుతుంది.

1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు అమెరికాలో వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో దండం స్వభావం మారింది. బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి, పాచికలు వేసి ఆడే ఈ ఆటలో దండం శక్తిని లెక్కపెట్టి దాచే పాత్ర అయింది. 2000లో వచ్చిన మూడవ కూర్పు ప్రకారం కొత్త దండంలో 50 ప్రయోగాలు ఉంటాయి. వాడినప్పుడల్లా ఒకటి తరుగుతుంది; అన్నీ అయిపోతే మిగిలేది వట్టి కర్రే. ఎవరు పడితే వారు దాన్ని వాడలేరు. ఆ మంత్రం తమ వర్గానికి చెందిన జాబితాలో ఉన్నవారికే సాధారణంగా ఆ అధికారం.

చిక్కు స్పర్శమంత్రాల దగ్గర వస్తుంది. చిన్న గాయాలను మాన్పే మంత్రం అటువంటిదే. సాధారణ దండంతో దాన్ని వాడితే, ఎనిమిది ముఖాల పాచిక వేసి వచ్చిన సంఖ్యకు ఒకటి కలిపినంత ప్రాణబలం తిరిగివస్తుంది. దండాన్ని చేతపట్టి లక్ష్యం వైపు చూపాలని ఒక నియమం. స్పర్శమంత్రం పనిచేయాలంటే గ్రహీతను తాకాలని మరొక నియమం. మరి తాకవలసినది దండం కొనా, చేయా? దండం మంత్రాన్ని పుట్టిస్తుందే తప్ప దాన్ని అందించేది ప్రయోక్త స్పర్శే అన్నది నాకు సమంజసంగా తోచే అన్వయం. స్పర్శమంత్రాల నియమమే ఇందుకు ఆధారం. ప్రయోక్త తాకబోయి గురి తప్పినా మంత్రం వృథా కాదు. చేతిలోనే నిలిచి ఉంటుంది. తరువాత పొరపాటున దేన్ని తాకినా అక్కడ ఖర్చవుతుంది.

అభిమంత్రణం

మన సాహిత్యంలో ఈ నిల్వ తర్కానికి దగ్గరగా వచ్చేది ‘పాతాళభైరవి’ (1951) చిత్రంలోని ప్రతిమ. తోటరాముడి చేతిలో ఉంటే అతని కోరిక తీరుస్తుంది, మాంత్రికుడి చేతిలో పడితే అతనిది. కానీ అక్కడ కూడా ప్రయోగాల లెక్క లేదు. ఇతిహాసాల్లో వస్తువుకు ఆ ప్రాధాన్యం సైతం కనిపించదు. కాకాసురునిపై రాముడు ప్రయోగించినది దర్భ. అశ్వత్థామ చేతిలోనిది గడ్డిపరక. అస్త్రమైనది మంత్రం, గడ్డి కాదు. స్పర్శను విడిగా ఆలోచించినవారు తాంత్రికులు. పక్షి రెక్కల వెచ్చదనంతో పిల్లలను పొదివి పెంచినట్లు గురువు శిష్యుణ్ణి తాకి ఇచ్చేది స్పర్శదీక్ష అని కులార్ణవ తంత్రం చెబుతుంది. చూపుతో ఇచ్చే దీక్షకు చేపను, తలపుతో ఇచ్చే దీక్షకు తాబేలును అది ఉపమానాలుగా తెస్తుంది. తాకడం, దూరం నుంచి పనిచేయడం అన్న విభజన ఆటల రచయితలు కొత్తగా కనిపెట్టినది కాదన్నమాట.

కైరుప్పల

ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ నడుమ వచ్చిన ప్రణయకలహం దీనికి మూలమని స్థలకథ. కారుమంచి గ్రామం నుంచి రెడ్డి వంశస్థులు గుర్రంపై వచ్చి పూజ చేశాక ఊరు రెండు పక్షాలుగా చీలి పిడకలు విసురుకుంటుంది. దెబ్బ తగిలినవారు గుడికి వెళ్లి విభూతి పూసుకుంటారు. ఆ తరువాత దేవతలకు కల్యాణం.

ఇక్కడ గమనించవలసినది ద్రవ్యం. శైవ సంప్రదాయంలో విభూతి ఆవుపేడను ఎండబెట్టి కాల్చగా వచ్చిన భస్మం. పిడకా పేడే, విభూతీ పేడే. దూరం నుంచి విసిరితే గాయపరిచే పదార్థమే, అగ్నిని దాటి వచ్చి నుదుటిని తాకితే ఉపశమనమవుతున్నది. ఆట నియమంలో హాని చేసే మంత్రం వేరు, మాన్పే మంత్రం వేరు, ఒక్కోదానికి ఒక్కో దండం. కైరుప్పలలో తేడా ద్రవ్యంలో లేదు. అది చేరే తీరులో ఉంది. పిడకలో ఎవరూ శక్తిని నింపరు, కనుక తరిగేదీ లేదు. అధికార నియమం మాత్రం ఇక్కడా ఉంది: గుర్రం రానిదే పిడక లేవదు.

ఇదే జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరుని ఉత్సవంలో పిడకల స్థానంలో కర్రలు, విభూతి స్థానంలో పసుపు కనిపిస్తాయి. అక్కడ కొట్టేదీ అద్దేదీ వేర్వేరు ద్రవ్యాలు. అందుకే రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదనిపిస్తుంది.

పత్రికలు ఏటా గాయపడినవారి సంఖ్యను రాస్తాయి. ఆ లెక్క అవసరమే. పగిలిన తలకు వైద్యుడు కావాలి. ఆ మాట దాటవేసి ఆచారాన్ని అందంగా వర్ణించడం పరిశోధకుల పని కాదు. కానీ విభూతిని విఫలమైన మందుగా మాత్రమే చూస్తే, పాచిక వేసి ప్రాణబలం లెక్కించే ఆట తర్కాన్నే తెలియకుండా దానికి అంటగట్టినవాళ్లమవుతాం. గుడిలో బూడిద రాసుకున్నవాడు తనను కొట్టినవాడి పక్కనే నిలబడి పెళ్లి చూడవలసి ఉంటుంది. విభూతి చేసే పని గాయం మీద కాక, ఆ ఇద్దరి మధ్య జరుగుతున్నది.