ఊదర కుండ పట్టిన చేతులు: ఎలకలు పట్టిన మనవాళ్ళ చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

మేము రాజమండ్రిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఐదుగురు యానాది పిల్లలం. మా ఐదిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కినవాళ్ళు మాకంటే ముందు ఎవరూ లేరు. ఈ చరిత్ర రాయడానికి కారణం మా హాస్టల్ పెరడు. ముందు ఆ సంగతి చెప్పాలి.

పోయిన వానాకాలం మా హాస్టల్లో ఎలకలు పడ్డాయి. వంటగది వెనక, బాత్రూముల గోడ వెంట, జామచెట్టు మొదట్లో ఎక్కడ చూసినా బొరియలే. తెల్లారేసరికి కొత్త మట్టి కుప్పలు లేచేవి. బియ్యం బస్తాలు కొరికేశాయి. మాలో ఒకడి ట్రంకు పెట్టెలో దూరి సర్టిఫికెట్ల ఫైలు కొరికేశాయి, అందులో కులం సర్టిఫికెట్ కూడా పోయింది. హాస్టల్ వాళ్ళు మందు పెట్టించారు. నాలుగు రోజులు చచ్చిన ఎలకల కంపు. మూడో వారానికి మళ్ళీ మామూలే. అప్పుడు ఒకరోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు, "మన హాస్టల్లోనే ఎలకలోళ్ళు ఉన్నారు కదా, వాళ్ళని అడగండి" అని. అందరూ నవ్వారు. మేము కంచాల్లోకి చూస్తూ కూర్చున్నాం.

మాలో ఒకడు ఈ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్నే వాళ్ళ తాత కోనసీమ నుంచి బస్సెక్కి వచ్చేశాడు. చేతిలో పలుగు, గోనెసంచిలో ఒక పాత కుండ. నిజం దాచకూడదు. తాత గేటు లోపలికి వస్తుంటే మాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది. ఎవరూ చూడకుండా వచ్చి ఉంటే బాగుండేదని అనుకున్నాం.

తాత ఆ రోజు ఒక్క ఎలకనీ పట్టలేదు. పెరడంతా తిరిగి చూశాడు. సాయంత్రం మా చేత ప్రతి బొరియా మట్టితో మూయించాడు. మేము లెక్కపెట్టాం, 34 ఉన్నాయి. తెల్లారి చూస్తే 11 మాత్రమే తెరుచుకుని ఉన్నాయి. "ఇవిరా కాపురం ఉన్న ఇళ్ళు, మిగతావన్నీ పాతవి" అన్నాడు. అడుగున చిన్న చిల్లి ఉన్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు వేశాడు. కుండ మూతిని బొరియకి ఆనించి, అడుగు చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదాడు. పొగ ఎటు లేస్తుందో చూసి ఆ కన్నాలు మాచేత మూయించాడు. ఒకటే దారి వదిలి అక్కడ వల పట్టించాడు. మధ్యాహ్నానికి 17 పట్టాం. తాత కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు ఆగలేదు.

వెళ్ళే ముందు వార్డెన్ గారితో అన్నాడు: "అయ్యగారూ, ఇవి మీ ఎంగిలన్నం తిని బతుకుతున్నాయి. వంటగది వెనక ఆ గుంట పూడ్పించండి. కన్నాల్లో గాజుపెంకులు, కంకర వేసి సిమెంటు పెట్టించండి. లేకపోతే వచ్చే నెల మళ్ళీ నేనే రావాలి." తన కూలి తనే పోగొట్టుకునే మాట చెప్పాడు. గుంట పూడ్చారు, కన్నాలు మూశారు, ఎలకలు పోయాయి. తాతకి ఇచ్చింది బస్సు ఛార్జీ.

ఆ తర్వాతే మేము ఐదుగురం కూర్చుని, మన పని గురించి ఎక్కడెక్కడ ఏం రాసి ఉందో వెతికాం.

మొదట దొరికింది ఒక మాట. ఇంగ్లీషులో పెద్ద ఎలకని బ్యాండికూట్ అంటారు. అది మన తెలుగు 'పందికొక్కు' నుంచి వెళ్ళిన మాట. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ నేర్చుకుని, తర్వాత ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఒక సంచి జంతువుకి కూడా అదే పేరు తగిలించారు.

రెండోది ఊదర. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో అచ్చువేశాడు. ఏడో సంపుటంలో యానాదుల గురించి ఉంది. అందులో పందికొక్కుల్ని 'ఊదర పెట్టి' పట్టే పద్ధతి వివరంగా రాశాడు. గడ్డి కుక్కిన కుండ, నిప్పు, పొగ, బయటకు రావడానికి ఒకే ఒక దారి. వందేళ్ళు దాటిన పుస్తకంలో మా తాత చేసిన పనే ఉంది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఎవరైనా వదలకుండా విసిగిస్తుంటే 'ఊదరగొడుతున్నాడు' అంటారు కదా, ఆ మాట నోట్లో పెట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి ఊదర కుండ తెలుసు?

ఇక డెల్టా సంగతి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాటన్ దొర పేరు ప్రతి ఊళ్ళో విగ్రహం మీద ఉంటుంది. కాలవలొచ్చాయి, వరి పెరిగింది, తర్వాత రెండు పంటలయ్యాయి. ఎలకకి అంతకంటే ఏం కావాలి? ఏడాదంతా తిండి, గుల్ల చేసుకోవడానికి కాలవ గట్లు, చేను గట్లు. ఈడ ఎలక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్క ఈతలో ఐదారు పిల్లలు పెడుతుంది. పందికొక్కు తిన్నంత తిని ఊరుకోదు, వెన్నులు కోసి బొరియ లోపల గదిలో దాచుకుంటుంది. గట్టుకి బొరియ పడితే నీళ్ళు కూడా పోతాయి. ఆనకట్ట కట్టినవాళ్ళకి విగ్రహాలున్నాయి. గట్లు కాపాడినవాళ్ళకి ఎలకలోళ్ళు అనే పేరు మిగిలింది.

మన పెద్దవాళ్ళు చెప్పే లెక్క ఇది. వెదురు బుట్టల్లో ఎర పెట్టి సాయంత్రం చేలో పెట్టేవాళ్ళు, తెల్లారి తీసేవాళ్ళు. రైతుకి తోకలు చూపిస్తే తోకకి ఇంత అని ఇచ్చేవాడు. మాంసం మనది. బొరియ తవ్వితే దొరికిన ధాన్యం కూడా చాలాచోట్ల మనదే. పంట కోసిన చేలో ఎలకల ధాన్యం తవ్వుకుని గంజి కాచుకున్న రోజులు మా ఐదుగురి ఇళ్ళల్లోనూ ఉన్నాయి. మనవాళ్ళతో పాటు ఇతర పేద కులాలవాళ్ళు కూడా ఈ పని చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు.

తోక లెక్క మన దగ్గరే లేదు. 1902లో వియత్నాంలోని హనోయ్ నగరంలో ఫ్రెంచి పాలకులు కొత్తగా కట్టిన మురుగు కాలవల్లో ఎలకలు నిండిపోతే, తోక తెస్తే డబ్బులిస్తామని ప్రకటించారు. కొన్నాళ్ళకి ఊళ్ళో తోకల్లేని ఎలకలు తిరగడం కనబడింది. జనం తోక కోసుకుని ఎలకని వదిలేస్తున్నారు, అది మళ్ళీ పిల్లలు పెట్టాలని. కొందరు ఎలకల్ని పెంచడం కూడా మొదలుపెట్టారు. పథకం ఎత్తేశారు. మాకు ఇందులో అర్థమైంది ఒకటుంది. తోకకి డబ్బిస్తే తోకలే వస్తాయి. పెరడు ఖాళీ కావాలంటే, గట్టు నిలవాలంటే, ఆ పని తెలిసిన మనిషికి రోజు కూలి ఇచ్చి, అతని సలహా వినాలి. మా తాత చెప్పిన ఎంగిలి గుంట మాటకి ఏ తోక లెక్కలోనూ ధర లేదు.

ఇంత అక్కరకొచ్చిన మనుషుల్ని ప్రభుత్వం ఎలా చూసింది? 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అనే చట్టం అది. తర్వాతి కాలంలో నెల్లూరు వైపు యానాదుల్ని కూడా దాని కిందికి తెచ్చారు. పగలు చేలో ఎలక పట్టినవాడే రాత్రి పోలీసుకి హాజరు వేయించుకోవాలి. స్వాతంత్య్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. ఆ రోజుల్లో మనవాళ్ళ వెంట నిలబడి సంఘం పెట్టించిన వెన్నెలకంటి రాఘవయ్య గారిని మరువకూడదు. ఆయన 1962లో యానాదుల మీద ఒక పుస్తకమే రాశారు. కాకపోతే థర్‌స్టన్ గానీ, రాఘవయ్య గారు గానీ మన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు కాదు. మన గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

తర్వాత మందులొచ్చాయి. ముందు జింక్ ఫాస్ఫైడ్, ఆ తర్వాత బ్రోమోడియోలోన్. 1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధనా స్థానం మనకి స్వర్ణ లాంటి వరి రకాలు ఇచ్చింది, ఎలకల మీద కూడా అక్కడ పరిశోధన జరుగుతుంది. రైతులకి చెప్పే పద్ధతి ఇది: మొదటి రోజు బొరియలన్నీ మట్టితో మూయాలి. రెండో రోజు తెరుచుకున్న వాటిలోనే 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలిపిన పొట్లం లోపలికంటా వేయాలి. ఊరంతా ఒకేసారి చేయాలి. పుస్తకంలో మొదటి రోజు పని, తాత మొదటి సాయంత్రం చేసిన పని ఒకటే. పుస్తకంలో ఉంటే శాస్త్రం, తాత చేతిలో ఉంటే ఎలకలోళ్ళ పని. మా హాస్టల్లో మందు పెట్టినవాళ్ళు ఆ మొదటి రోజు పని చేయలేదు, ఖాళీ బొరియల్లో కూడా పొట్లాలు పడేసి పోయారు.

మందు తప్పు అని మేము అనడం లేదు. వేల ఎకరాల్లో ఒక్కసారే ఎలక పెరిగితే బుట్టలతో ఆగదు. కానీ మందు తిన్న ఎలక మాంసం మనిషికి పనికిరాదు. దాన్ని తిన్న గుడ్లగూబకి, పిల్లికి కూడా ప్రమాదమే. అంటే ఒకే పొట్లంతో మనవాళ్ళకి కూలీ పోయింది, కూరా పోయింది. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాలేదు.

పక్క రాష్ట్రం చూడండి. తమిళనాడులో ఇరులవాళ్ళు కూడా మనలాగే పాములు, ఎలకలు పట్టేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోతే, 1978లో సహకార సంఘం పెట్టుకుని విషం తీసి మందుల కంపెనీలకి అమ్మడం మొదలుపెట్టారు. ఎలకలు పట్టే ఇరులవాళ్ళకి నోటితో ఊదే కుండ బదులు, చేత్తో తిప్పే ఇనుప పొగ యంత్రం తయారైంది. కళ్ళకీ ఊపిరితిత్తులకీ ముప్పు తగ్గింది. 2017లో ఫ్లోరిడాలో కొండచిలువలు పెరిగిపోతే అక్కడి విశ్వవిద్యాలయం ఇద్దరు ఇరుల పెద్దల్ని పిలిపించుకుంది. వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే తెలివి, అదే చేతులు. వెనక ఒక సంఘం నిలబడింది, అంతే తేడా.

మేము మళ్ళీ కుండ పట్టి పొగ ఊదుతామని చెప్పడం లేదు. మా తాత దగ్గు మేము విన్నాం. మాలో ఒకడు టీచర్ కావాలనుకుంటున్నాడు, ఒకడికి వ్యవసాయ శాఖలో ఉద్యోగం కావాలి. మేము అడిగేది వేరు. ఆ పని చేస్తున్న మన పెద్దలకి తోక లెక్క కాకుండా సరైన రోజు కూలి ఉండాలి. నోటితో ఊదే అవసరం లేని పరికరం ఉండాలి. ఊళ్ళల్లో ఎలకల నివారణ చేపట్టినప్పుడు బొరియ చదవడం తెలిసినవాళ్ళకి ఆ పని ఇవ్వాలి. మన పిల్లలు భోజనాల దగ్గర తల దించుకోకూడదు.

పోయిన సెలవులకి తాత దగ్గరికి వెళ్ళి, బొరియ చూసి లోపల ఏం ఉందో ఎలా చెప్తాడో ఫోన్లో రికార్డు చేసుకున్నాం. తాజా మట్టి రంగు, గడ్డి కొరికిన తీరు, బొరియ మూసిన తీరు అన్నీ రెండు గంటలు చెప్పాడు. చివర్లో "ఇదంతా దేనికిరా, పరీక్షలో వస్తుందా?" అని నవ్వాడు.

రాదు తాతా. అందుకే రాసుకుంటున్నాం.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటే ఈ సెలవుల్లో కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు, ఏ కాలం, బుట్ట ఎలా అల్లేవాళ్ళు, తోకకి ఎంత ఇచ్చేవాళ్ళు, వాళ్ళు వాడిన మాటలు ఏంటి, అన్నీ ఈ పోస్టు కింద రాయండి. అన్నీ కలిపి ఒక చోట పెడదాం.