ఫ్యాను పగ్గములు ఎవరి చేతిలో? – లాప్‌టాప్ వేడి, లినక్స్ చరిత్ర

విద్యుత్తుతో పనిచేయు యంత్రము ఏదైనను వేడెక్కక మానదు. 1946లో ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను గణన యంత్రములో ఇంచుమించు 18,000 రేడియో వాల్వులుండెడివి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును వాడుచుండెను. వాడినదంతయు తుదకు వేడియై గదిలోనికి వచ్చెడిది. దానిని వెడలగొట్టుటకు పెద్ద గాలి యంత్రములను అమర్చిరి. గది విశాలమైనది కనుక ఇబ్బంది లేదు. ఒడిలో పెట్టుకొను లాప్‌టాప్ సంగతి వేరు. పలక వంటి పెట్టెలో ప్రాసెసరు, బ్యాటరీ, ఒక చిన్న ఫ్యాను ఇరుకిరుకుగ సర్దుకొనవలెను. దానిని దిండుపై పెట్టినచో అడుగున గాలి చొరబడు సందులు కూడ మూసికొనిపోవును.

ఈ వేడి ఎట్లు పుట్టునో కొంచెము చూడవలెను. ప్రాసెసరులోని ట్రాన్సిస్టరు తెరచుకొని మూసికొన్నప్పుడెల్ల రవ్వంత విద్యుదావేశము నిండి, ఖాళీ అగును. ఇందువలన పుట్టు వేడి వోల్టేజి వర్గమునకును, సెకనుకు జరుగు స్పందనల సంఖ్యకును అనులోమముగ నుండును. వోల్టేజిని, వేగమును రెండింటిని పదింట ఒక వంతు తగ్గించినారనుకొందము. 0.9 × 0.9 × 0.9 అనగా 0.729. వేగము 10 శాతము తగ్గగా వేడి 27 శాతము తగ్గినది! తరగతిలో నల్లబల్లపై చేసి చూపదగిన లెక్క ఇది. వేడెక్కిన ప్రాసెసరు తనంత తానుగ మందగించుటలోని కీలకము ఇదియే.

కాబట్టి వేడికి విరుగుడులు రెండు: గాలిని విసరుట, పనిని మందగింపజేయుట. వీనిని ఎప్పుడు, ఎవరు ప్రయోగించవలెనన్నదే అసలు చిక్కు. తొలి లాప్‌టాపులలో ఈ పెత్తనమంతయు తయారీదారు యంత్రములోనే వ్రాసిపెట్టిన బయాస్ అను కార్యక్రమమునకు, దానికి తోడైన ఒక చిన్న నియంత్రక చిప్పునకు ఉండెడిది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏసీపీఐ అను నిబంధనావళిని ప్రకటించినవి. ఏ ఉష్ణోగ్రత వద్ద ఫ్యాను తిరుగవలెను, ఏ హద్దున వేగము తగ్గవలెను, ఏ హద్దు దాటినచో యంత్రము ఆగిపోవలెను అను విషయములను తయారీదారు పట్టికలుగ వ్రాసి ఇచ్చును. నిర్వహణ వ్యవస్థ వానిని చదివి నడచుకొనును. ఆలోచన మంచిదే. అయితే ఆ పట్టికలను చాలమంది తయారీదారులు విండోస్‌తో మాత్రమే పరీక్షించెడివారు. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, అదే పట్టికను చదివి తప్పులో కాలు వేసిన సందర్భములు పెక్కు.

తయారీదారులు సమాచారమీయకున్నచో తామే వెదకి తెలిసికొందమని లినక్స్ అభిమానులు పూనుకొనిరి. 1998 ప్రాంతమున ఫ్రోడో లూయార్డ్, ఫిలిప్ ఎడెల్‌బ్రాక్ మున్నగువారు ఎల్ఎమ్-సెన్సార్స్ అను సాధనమును నిర్మించిరి. మదర్‌బోర్డుపై ఉష్ణోగ్రతను కొలచు చిప్పులు ఎక్కడెక్కడ ఉన్నవో కనుగొనుటకు అది ఒక్కొక్క చిరునామాను తట్టి, "ఎవరైన ఉన్నారా?" అని పలుకరించునట్టిది. చాల యంత్రములలో ఏ హానియు కలుగలేదు. కాని ఐబీఎం వారి కొన్ని థింక్‌ప్యాడ్‌లలో 24ఆర్ఎఫ్08 అను జ్ఞాపక చిప్పు ఉండెను. యంత్రమునకు సంబంధించిన గుర్తింపు వివరములు అందుండెడివి. ఆ చిప్పు ఈ పలుకరింపును వ్రాతగా పొరబడెడిది! లోపలి అక్షరము ఒకటి మారిపోయి, సరిచూచు మొత్తము తప్పగా, మరునాడు యంత్రము మేల్కొనుటకే నిరాకరించెడిది. ఉష్ణోగ్రత తెలిసికొనబోయి యంత్రమునే పోగొట్టుకొన్నవారు కలరు. తప్పు చిప్పుదా, తట్టినవారిదా అని వాదించుటకంటె జాగ్రత్తయే మేలని కెర్నెలు రచయితలు భావించిరి. ఆ వాహికకు సంబంధించిన డ్రైవరు, ఐబీఎం యంత్రమని గుర్తించినచో తానుగా పనిచేయ నిరాకరించునట్లు మార్చబడినది.

2001లో మస్సిమో డల్ జొట్టో డెల్ లాప్‌టాపుల కొరకు ఐ8కే అను డ్రైవరును వ్రాసెను. ఫ్యానును ఆపుటకు, నెమ్మదిగ త్రిప్పుటకు, వేగముగ త్రిప్పుటకు దానితో వీలు కలిగెను. ఇక్కడ మరొక తంటా బయలుపడెను. వాడుకరి ఫ్యానును ఒక వేగమునకు పెట్టును. కొన్ని యంత్రములలో బయాస్ మరల తన ఇష్టము వచ్చిన వేగమునకు మార్చును. ఒక బండికి ఇద్దరు తోలరులైనట్లుండెను.

థింక్‌ప్యాడ్‌ల కొరకు బొరిస్లావ్ డెయానొవ్ వ్రాసిన డ్రైవరు 2004లో కెర్నెలులో చేరెను. 2007లో అది థింక్‌ప్యాడ్-ఏసీపీఐ అను పేరు దాల్చెను. అప్పటికి దాని సంరక్షకుడైన హెన్రిక్ డి మొరాయిస్ హోల్షు అందు జాగ్రత్తలను పెంచెను. ఫ్యానునకు 0 నుండి 7 వరకు మెట్లున్నవి. 0 అనగా ఆగిపోవుట. నిశ్శబ్దము కోరి 0 పెట్టిన కార్యక్రమము మధ్యలో చెడిపోయినచో ఏమగును? ఫ్యాను తిరుగదు, వేడి పెరుగుచునే యుండును. అందుచేత ఆ డ్రైవరులో ఫ్యాను పగ్గములు మొదట వాడుకరికి ఈయబడవు. ఫ్యాన్-కంట్రోల్ అను అనుమతిని అతడు ప్రత్యేకముగ కోరవలెను. అటుపైన కావలి గడియారమొకటి కలదు. దానికి 1 నుండి 120 సెకనుల గడువు పెట్టవచ్చును. ఆ గడువులోపల కొత్త ఆజ్ఞ రానిచో, ఆజ్ఞాపించువాడు మూర్ఛిల్లెనని తలచి డ్రైవరు ఫ్యానును మరల తిరుగనిచ్చును. కావలి లేకుండ సున్న మెట్టును వాడుట సాహసమే.

నేడు లాప్‌టాప్ కాగుచున్నదని విద్యార్థి ఫిర్యాదు తెచ్చినప్పుడు ఈ చరిత్ర అక్కరకు వచ్చును. ముందు చూడవలసినది పగ్గములను కాదు, అంకెలను. కెర్నెలు ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యవ వంతులుగ తెలుపును. 45000 కనబడినచో 45 డిగ్రీల సెల్సియస్ అని గ్రహించవలెను. పనిలేని వేళ కూడ అంకె హెచ్చుగ నున్నచో, ఏదో కార్యక్రమము చాటున ప్రాసెసరును శ్రమపెట్టుచున్నదేమో టాప్ అను ఆజ్ఞతో చూడవచ్చును. బయాస్ నవీకరణ ఉన్నచో దానిని చేసికొనుట తరువాతి మెట్టు. పట్టికల తప్పులు పెక్కు అచ్చటనే సరిదిద్దబడును. ఫ్యానును స్వయముగ అదుపుచేయు సాహసము అన్నిటికి కడపటిది.

ఫ్యాను ఏడవ మెట్టున హోరుమనుచున్నను ఉష్ణోగ్రత దిగిరానిచో అక్కడ కెర్నెలు చేయగలిగినదేమియు లేదు. యంత్రమును ఆపి, బ్యాటరీ సంబంధమును తొలగించి, లోహపు రెక్కల సందులలో దూదివలె పేరుకొన్న దుమ్మును తీయవలెను. ఊదునప్పుడు ఫ్యాను గిర్రున తిరుగకుండ ఒక పుల్లతో పట్టియుంచవలెను. ప్రాసెసరునకు, దానిపై లోహపు పలకకు నడుమ పూసిన లేపనము ఏండ్లు గడచి ఎండిపోయినచో, దానిని తుడిచి కొత్తది పలుచగ పూయవలసియుండును.