వాడపల్లి రథం, 1931

1931 మార్చి 30, చైత్ర శుద్ధ ఏకాదశి. కోనసీమలో, గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న వాడపల్లిలో వెంకటేశ్వరస్వామి కల్యాణం, తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా తరలివచ్చారు. ఆ ఏడు రథం మీద స్వామితో పాటు గాంధీ మొదలైన జాతీయ నాయకుల పటాలూ ఉన్నాయి. పటాలు తీసెయ్యమన్నారు పోలీసులు. జనం ఒప్పుకోలేదు. గొడవ ముదిరింది, పోలీసులు కాల్పులు జరిపారు. దేవుడి పెళ్లికి వచ్చినవాళ్లలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదిరి అప్పటికి నెల కూడా కాలేదు. భగత్‌సింగ్‌ను ఉరి తీసి వారం.

ఈ కాల్పులను స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో భాగంగానే చదువుకుంటాం. అది సబబే. కానీ ఆ రోజు తగాదా వెనక మతానికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. రథం మీద ఏముండాలో ఎవరు చెప్పాలి? మతం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

యూరప్‌లో ఈ ప్రశ్నకు ఒక జవాబు తయారై ఉంది. మతయుద్ధాలతో విసిగిన ఆ ఖండంలో, మతసహనం మీద 1689లో అచ్చయిన లేఖలో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ రాజ్యాన్నీ మతాన్నీ విడదీశాడు. ఈ లోకపు వ్యవహారాలు ప్రభుత్వానివి, ఆత్మ సంగతి మనిషిది, అతను ఎంచుకున్న చర్చిది. మతం పేరుతో మనుషుల్ని చంపుకునే దేశాల్లో ఆ మాట ఎందరినో కాపాడింది. అయితే మతమంటే మనసులోని నమ్మకమే అన్న అభిప్రాయమూ దానితో పాటే బలపడింది. ఆ కొలతతో చూస్తే రథం మతానిది, పటం రాజకీయానిది. వాడపల్లి చరిత్ర ఆ కొలతకు లొంగదు.

స్థలపురాణం ప్రకారం స్వామి గోదావరిలో చందనపు పేటికలో దొరికాడు. మూలమూర్తి ఎర్రచందనపు కొయ్య. ఊరికి నౌకాపురి అనే పాత పేరు చెబుతారు. గుడి కట్టించింది పినపోతు గజేంద్రుడనే ఓడల వర్తకుడని ఇక్కడివాళ్ల మాట. తుపానులో తన ఓడలు గల్లంతైతే స్వామికి మొక్కుకున్నాడట, ఓడలు క్షేమంగా ఒడ్డు చేరాయట. గోదావరి సముద్రంలో కలిసేచోట అంతర్వేదిలోనూ ఇలాంటి చరిత్రే. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గుడిని 1823లో పూర్తి చేయించిన కొపనాతి కృష్ణమ్మ కూడా ఓడల వర్తకుడే, అగ్నికుల క్షత్రియుడు.

నది, సరుకు, తుపాను, మొక్కు, కులం, గుడి. వీటిలో ఎంతవరకు మతం, ఎంతవరకు వ్యాపారమని గీత గీయమంటే గజేంద్రుడికి ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. ఓడలు మళ్లీ కనబడటమే అతనికి దైవసాక్షాత్కారం. అలాంటి గుడి రథం మీదికి 1931లో జనం తమ కష్టసుఖాల్లోని మరో ముఖ్యమైన సంగతిని ఎక్కించారు. గుడి ఆనవాయితీకి అది కొత్తేమీ కాదు.

మరి కొయ్యలో దేవుడుండటమేమిటి? బయటినుంచి వచ్చినవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. శ్రీవైష్ణవ ఆచార్యులు దీనికి తొణకని జవాబిచ్చారు. భగవంతుడికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని అయిదు స్థితులు. అన్నిటిలోకీ అర్చారూపమే సులభం. వైకుంఠానికి వెళ్లలేనివాడి కోసం, రామకృష్ణుల కాలంలో పుట్టనివాడి కోసం, స్వామే కొయ్యలోకీ రాతిలోకీ దిగివచ్చి స్నానానికీ నైవేద్యానికీ భక్తుడి చేతికోసం ఎదురుచూస్తాడు. దేవుడు తనను తాను తగ్గించుకోవడమే ఆయన గొప్పతనమన్నది ఇక్కడి తత్వం. అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కూడా 1925లో, ప్రమథనాథ్ మల్లిక్ కేసులో, దేవతామూర్తిని చట్టం ముందు ఒక వ్యక్తిగా ఒప్పుకుంది, ఆ మూర్తి ఇష్టాన్నీ గౌరవించాలంది.

అయితే దైవానికి రూపమేమిటన్న ప్రశ్నకు గోదావరి తీరంలో కొయ్యమూర్తి ఒక్కటే జవాబు కాదు.

మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. పురావస్తుశాఖ 1953లో అక్కడ తవ్వకాలు జరిపింది. ఊరివాళ్లు ఆ దిబ్బను దుబరాజు గుడి అంటూ వచ్చారు. ఆంధ్రదేశపు తొలి బౌద్ధులు బుద్ధుడి రూపం చెక్కలేదు. అమరావతి శిల్పాల్లో ఆయన ఉండాల్సిన చోట ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రం కనిపిస్తాయి. నిర్వాణం పొందినవాడికి రూపం కట్టడం కుదరదన్న భావం ఆ ఖాళీలో ఉందని చాలామంది పండితులు అన్నారు.

రాజమండ్రి పాత మసీదు శాసనం 1324 నాటిది. మసీదులో ప్రార్థన చేసేవాళ్లు తిరిగే దిక్కున గోడలో మిహ్రాబ్ ఉంటుంది. అదీ ఖాళీ గూడే, కానీ దాని అర్థం వేరు. అల్లా ఎవరిలా ఉంటాడని అడగడమే తప్పు కనుక అక్కడ దిక్కు ఒక్కటే మిగులుతుంది. గోదావరి మరో పాయ వశిష్ఠకు అవతలి ఒడ్డున నరసాపురంలో 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే బ్రదరెన్ మిషనరీలు పాదిరీ పదవి లేకుండా, విగ్రహం లేకుండా ఆదివారం రొట్టె విరవడాన్నే ఆరాధనకు మూలం చేసుకున్నారు. వాళ్లకు ఆ రొట్టె క్రీస్తు మరణపు జ్ఞాపకం. కథోలికులకు అదే రొట్టె క్రీస్తు శరీరం. ఒకే గ్రంథం చదివేవాళ్ల మధ్యే ఇంత దూరం.

అన్ని మతాలూ ఒకటే అనేసి ముందుకు సాగిపోవడం తేలిక. 1931లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ఆచార్యుడైన సర్వేపల్లి రాధాకృష్ణన్ మతానికి అనుభవమే ప్రాణమని, సిద్ధాంతాలు దాని మీద కట్టిన భాష్యాలని బోధించారు. మతాల మధ్య పగను చల్లార్చడానికి అది ఉదాత్తమైన ప్రయత్నం. అయినా గోదావరి ఒడ్డున చూస్తే అది సగమే సరిపోతుంది. కొయ్యలోని వెంకన్నా, ఖాళీ సింహాసనమూ, ఖాళీ గూడూ, విరిచిన రొట్టే ఒకే మాట చెప్పడం లేదు. ఆ తేడాలు తెలియకుండా ఇచ్చే గౌరవం పైపై మర్యాదగానే మిగులుతుంది.

వాడపల్లిలో తుపాకులు పేలిన నాటికి గాంధీ కరాచీ కాంగ్రెస్ సభల్లో ఉన్నారు. ఆ సభలు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో అంతఃకరణ స్వేచ్ఛ ఉంది, మతాచరణ స్వేచ్ఛ ఉంది, అన్ని మతాల పట్ల రాజ్యం తటస్థంగా ఉండాలన్న మాట ఉంది. తర్వాత ఆ స్వేచ్ఛలు రాజ్యాంగం 25వ అధికరణం దాకా చేరాయి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మతమంటే సిద్ధాంతమొక్కటే కాదని, పూజలు, ఉత్సవాలు, తిండి, కట్టూ కూడా అందులో భాగం కావచ్చని తేల్చింది. దేవుణ్ని నమ్మని బౌద్ధ, జైనాలూ మతాలేనని గుర్తుచేసింది. మతం మనిషి చేసే పనుల్లో కూడా ఉంటుందని వాడపల్లి జనానికి అంతకు చాలా ముందే తెలుసు.

ఇవాళ ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లికి వచ్చేవాళ్లలో చాలామందికి 1931 సంగతి తెలియదు. పక్క మండలాల్లో ఉన్నవాళ్లలోనే చాలామందికి ఆదుర్రు స్తూపం తెలియదు. కోనసీమ బడులు ఏడాదికోసారైనా పిల్లల్ని వాడపల్లికీ, ఆదుర్రుకూ, నరసాపురానికీ, రాజమండ్రి మసీదుకూ తీసుకెళ్లాలి. ఆయా మతాలవాళ్ల నోటనే, ఇది ఏమిటో, ఎందుకో చెప్పించాలి. నాలుగూ ఒకటేనని పిల్లలకు ముందే చెప్పి పంపకండి. చూసొచ్చాక తేడాలేమిటో వాళ్లనే రాయమనండి.