ఉద్యోగధర్మ భ్రంశము (ఆదిలాబాదు)

నిజాము పాలనమున ఆదిలాబాదు జిల్లాయందు భూమి లెక్కలు వ్రాయు పట్వారియు, అడవిని కాచు చౌకీదారును, తమ వశమందున్న అధికారమును స్వలాభమునకై వినియోగించి, అక్షరమెఱుగని గోండులనుండి పట్టాల పేర లంచములు గుంజి, పిమ్మట ఆ భూములనే వలస వచ్చినవారి పేర నెక్కించిన తీరు ఉద్యోగధర్మ భ్రంశమునకు ప్రబల నిదర్శనము. 1940లో జోడేఘాట్ కొండలలో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీము పోలీసు కాల్పులకు హతుడైన పిదపగాని ప్రభుత్వము కన్ను తెఱవలేదు. అంతట పరిశీలనకు నియుక్తుడైన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, తిరుగుబాటునకు మూలము గోండుల క్రౌర్యము గాదనియు, క్రిందియుద్యోగుల దోపిడియే యనియు నిరూపించెను. పై యధికారుల యుపేక్షయు అంతకు తక్కువ దోషము గాదు. గోండులకు అక్షరజ్ఞానము కలిగించుటకై 1943లో ఆ జిల్లాలోని మార్లవాయియందు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మారంభమైనది. వంశపారంపర్యమైన పట్వారి పదవి మాత్రము 1984లోగాని రద్దు కాలేదు.