చివరిదని తెలియని ఆల్బమ్

కార్పెంటర్స్ చివరి ఆల్బమ్ ఏది అని అభిమానుల్ని అడిగితే రెండు జవాబులొస్తాయి. తేదీలు చూసేవాళ్ళు 1983 అక్టోబరులో వచ్చిన 'వాయిస్ ఆఫ్ ద హార్ట్' అంటారు. అప్పటికి కేరెన్ కార్పెంటర్ చనిపోయి ఎనిమిది నెలలు. పాత సెషన్లలో మిగిలిపోయిన పాటల్నీ, 1982 ఏప్రిల్లో ఆమె చివరిసారి పాడినవాటినీ ఏరి, అన్న రిచర్డ్ ఒక్కడే కూచుని పూర్తి చేసిన రికార్డు అది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి, ఈ పాట ఉండాలి, ఇది వద్దు అని తేల్చుకుని బయటికి పంపిన చివరి ఆల్బమ్ మాత్రం 1981 జూన్‌లో వచ్చిన 'మేడ్ ఇన్ అమెరికా'. నా ఓటు దీనికే.

చిక్కేమిటంటే, ఈ ఆల్బమ్ గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్ళెవరూ దాన్ని 1981లో పెట్టి మాట్లాడరు. 1983 ఫిబ్రవరి 4నుంచి వెనక్కి చూస్తూ మాట్లాడతారు. ఆ రోజే కేరెన్ పోయింది. ముప్ఫై రెండేళ్ళు. ఏళ్ళ తరబడి తిండి మానేసేలా చేసిన అనొరెక్సియా చివరికి గుండెని ఆపేసింది. అది తెలిశాక ఈ పాటలు వినేవాళ్ళకి గొంతు సన్నబడినట్టూ, ఊపిరి చాలనట్టూ అనిపిస్తుంది. నిజంగా అలా వినపడుతోందా, తెలిసింది కాబట్టి అలా వింటున్నామా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. ఎందుకంటే ఇది వీడ్కోలు కోసం చేసిన రికార్డు కాదు. మళ్ళీ మొదలుపెడదామని చేసింది.

అంతకుముందు జరిగింది చూడండి. 1970లో 'క్లోజ్ టు యూ' పాటతో అమెరికాలో నంబర్ వన్ అయిన ఈ జంట, దశాబ్దం చివరికొచ్చేసరికి బాగా అలిసిపోయింది. 1977 నాటి 'పాసేజ్' ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 49 దగ్గర ఆగిపోయింది. 1979 మొదట్లో రిచర్డ్ నిద్రమాత్రల వ్యసనానికి చికిత్సలో చేరాడు. ఆ ఖాళీలో కేరెన్ న్యూయార్క్ వెళ్ళి, బిల్లీ జోల్ రికార్డులు చేసిన ఫిల్ రమోన్‌తో సొంతంగా ఒక ఆల్బమ్ చేసింది. 1980లో అది తయారైంది. విన్న రిచర్డ్‌కీ, ఏ అండ్ ఎమ్ రికార్డ్స్ పెద్దలకీ నచ్చలేదు. పక్కన పెట్టేశారు. ఆమె తిరిగొచ్చి అన్నతో స్టూడియోలో కూచుంది. అదే ఏడు ఆగస్టులో పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళి కోసం రిచర్డ్, జాన్ బెట్టిస్ రాసిన పాట కూడా 'మేడ్ ఇన్ అమెరికా'లో ఉంది. పెళ్ళి మాత్రం నిలవలేదు.

1981 శ్రోతలు రెండు రకాలుగా తీర్పిచ్చారు. 'టచ్ మీ వెన్ వుయ్ ఆర్ డాన్సింగ్' హాట్ 100లో 16దాకా వెళ్ళింది. 1976 తర్వాత వాళ్ళకి టాప్ 20లో చోటు దొరకడం అదే మొదలు. పెద్దవాళ్ళు వినే అడల్ట్ కంటెంపరరీ పట్టికలోనైతే ఏకంగా నంబర్ వన్. అంటే రేడియోలో వస్తే ఇష్టంగానే విన్నారు. దుకాణానికెళ్ళి కొనేదగ్గర మాత్రం వెనక్కి తగ్గారు. ఆల్బమ్ 52 దాటి పైకి పోలేదు. ఆ ఆగస్టులోనే ఎమ్‌టీవీ మొదలైంది. కాలం ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది.

తీపి ఎక్కువైంది అన్నది అప్పటినుంచీ ఉన్న ఫిర్యాదు. కొంతవరకు నేనూ ఒప్పుకుంటాను. పెళ్ళిపాటలో వయొలిన్లు గొంతుని ముంచేస్తాయి. మార్వెలెట్స్ 1962లో పాడిన కుర్రకారు పాట 'బీచ్‌వుడ్ 4-5789'ని ముప్ఫై దాటిన మనిషి చేత అంత ముద్దుగా పాడించనక్కర్లేదు. కానీ 'సమ్‌బడీస్ బీన్ లైయింగ్' వినండి. కేరెన్ బలమంతా కింది స్థాయిలో, ఛాతీలోంచి వచ్చే ఆ బరువులో ఉంది. అది ఎక్కడికీ పోలేదు.

1996లో ఆ సోలో ఆల్బమ్ ఎట్టకేలకు బయటికొచ్చింది. దాంతో ఈ రికార్డు మీద అభిప్రాయాలు మళ్ళీ కదిలాయి. 'దాన్ని ఆపి ఇది చేయించారా!' అని కోపం తెచ్చుకున్నవాళ్ళున్నారు. 'ఆపింది మంచిదే, అదేమంత గొప్పగా లేదు' అన్నవాళ్ళూ ఉన్నారు. గొప్పగా ఉందా లేదా అన్నది నాకు రెండో మాట. బాగోలేదని చెప్పే హక్కు కూడా శ్రోతలదే కదా. ఆ మాట వినే అవకాశం ఆమెకి బతికుండగా రాలేదు. ముప్ఫై ఏళ్ళ కేరెన్ ఏం పాడాలనుకుందో చెప్పడానికి జనం ముందుకొచ్చింది 'మేడ్ ఇన్ అమెరికా' ఒక్కటే. అందుకే రెండు ఆల్బమ్‌లు పంచుకోవాల్సిన తీర్పు దీని ఒక్కదాని నెత్తిన పడింది.

శ్రోతల ఓటుకి సంబంధించి ఇంకో సంగతి. కేరెన్ తనని తాను డ్రమ్మర్ననే చెప్పుకునేది. 1975లో ప్లేబాయ్ పత్రిక పాఠకులు డ్రమ్మర్ల ఓటింగ్‌లో ఆమెని లెడ్ జెప్లిన్ జాన్ బోనమ్ కంటే పైన నిలబెట్టారు. తమాషా ఏమిటంటే, అప్పటికే ఆమెని డ్రమ్స్ వెనకనుంచి లేపి మైకు ముందు నిలబెట్టేశారు. స్టూడియోలో ఎక్కువగా వేరేవాళ్ళే వాయిస్తున్నారు.

'మేడ్ ఇన్ అమెరికా'లో 'వెన్ ఇట్స్ గాన్' అని ఒక నెమ్మది పాట ఉంది. అందులో లారీ లండిన్‌తో పాటు డ్రమ్స్ వాయించింది కేరెనే. ఈ ఆల్బమ్ మీద ఏదో ఒక అభిప్రాయానికి వచ్చేముందు ఆ పాట ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమంటాను. మొదటిసారి గొంతు కోసం వినండి. రెండోసారి గొంతుని వదిలేసి, డ్రమ్స్ కోసం వినండి.