హాజరు పట్టీ, ఆదివారం గంట: స్టువర్టుపురంలో మన పెద్దల విశ్వాసం



స్టువర్టుపురం పేరెత్తితే మన చుట్టూ రెండు కథలు వినిపిస్తాయి. ఒకటి సినిమా కథ. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు తగిలించుకుని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఆ ఊరి దొంగ మీదే ఇంకోటి వచ్చింది. రెండోది చర్చిలో చెప్పుకునే కథ. దొంగలుగా ఉన్న ఎరుకలవాళ్లను మిషనరీలు వచ్చి మంచివాళ్లుగా మార్చారని. మొదటి కథ వింటే మనకు కోపం వస్తుంది. రెండోదాన్ని మనమే మైకు పట్టుకుని చెప్పుకుంటాం. నాకు మాత్రం రెండూ ఒకే అబద్ధం మీద నిలబడ్డట్టు కనిపిస్తాయి. మనవాళ్లకు నీతి అనేది బయటివాళ్లు తెచ్చి ఇచ్చిన వస్తువు అన్నదే ఆ అబద్ధం.

ముందు ఉప్పు సంగతి చూడండి. మనలో ఉప్పు ఎరుకలవాళ్లు అనే శాఖ ఉంది. సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా పెరికలు వేసుకుని, లోపలి ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యానికి మార్చేవాళ్లు. ఏటేటా అవే ఊళ్లకు వెళ్లే వర్తకుడు కొలతలో మోసం చేస్తే మరుసటి ఏడు ఆ ఊరి పొలిమేర కూడా తొక్కలేడు. అంటే మాట మీద నిలబడడం ఆ బతుకుతెరువులోనే ఉంది. తర్వాత రైళ్లొచ్చాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1876-78 కరువు వచ్చింది. వర్తకం పోయినవాళ్లు తిరుగుతూ కనిపిస్తే, తిరిగేవాడు దొంగే అని రాసుకున్నారు. ఈ క్రమాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మన జాతి మీద రాసిన పుస్తకంలో విడమర్చి చూపించారు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు తప్పక చదవండి.

నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తరాది కోసం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఒక కులాన్ని కులంగానే నేరస్థులని సర్కారు ప్రకటించవచ్చు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. పేరు నమోదు చేస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు పలకమంటారు, ఊరు దాటాలంటే పాసు ఉండాలంటారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పెంచే అధికారం కూడా అందులో ఉంది. ఇలాంటివాళ్లను ఉంచడానికి బాపట్లకూ చీరాలకూ మధ్య పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు.

ఈ సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్. సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకుని, 1882లో బొంబాయిలో దిగి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, కాషాయం కట్టి తిరిగాడు. వీధుల్లో పాటలు పాడుతూ ఊరేగినందుకు బొంబాయిలో జైలుకు కూడా వెళ్లాడు. దేవుడి పాట పాడినందుకు జైలుకెళ్లిన మనిషి సంస్థే, ముప్పై ఏళ్లు తిరిగేసరికి, పుట్టుకనే నేరం చేసిన చట్టం కింద సెటిల్‌మెంట్లు నడిపింది. వాళ్లలో దయ లేదని నేననను. బడి పెట్టారు, పని చూపించారు. కానీ కాపలా కాసేదీ వాళ్లే, వాక్యం చెప్పేదీ వాళ్లే. హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉందో ఆదివారం గంట కూడా వాళ్ల చేతిలోనే ఉంది.

ఇంకో విడ్డూరం. సాల్వేషన్ ఆర్మీ అధికారి పొగ తాగకూడదు. సెటిల్‌మెంటు ఆడవాళ్లు పనికి వెళ్లింది మాత్రం చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి! ఆ కంపెనీకి చవకగా కూలీలు దొరికారు, సర్కారుకు నిఘా దొరికింది. మన అవ్వలకు మిగిలింది పొగాకు ఘాటు, సాయంత్రం మళ్లీ హాజరు.

అలాంటి చోట పుట్టిన విశ్వాసం నిజమైనదేనా? బయటివాళ్లు అడుగుతారు, మీరూ అడగండి. పాసు కోసం ప్రార్థనకు వచ్చినవాళ్లు ఉండే ఉంటారు, అది మనిషి సహజం. దొంగతనం మానని వాళ్లూ ఉన్నారు, దాచనక్కర్లేదు. కానీ కాపలా లేచిపోయాక కూడా ప్రార్థన ఆగలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ విచారణ తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. హాజరు పలకమనే వాడు లేడు, పాసు ఇచ్చేవాడు లేడు. అయినా మనవాళ్లు చర్చికి వెళ్లారు, కష్టపడి పిల్లల్ని చదివించారు. దొర చూస్తున్నాడని చేసిన పని కాదది. పైగా మంచిగా బతికితే మంచివాడని రాసే కాలమ్ పోలీసు రిజిస్టర్లో ఎప్పుడూ లేదు. ఎక్కడ దొంగతనం జరిగినా అనుమానం ముందు ఈ ఊరి వైపే తిరిగేది. మెప్పు లేని చోట నిజాయితీగా ఉండడం ఎంత కష్టమో, ఉద్యోగ ఇంటర్వ్యూలో సొంత ఊరి పేరు చెప్పడానికి తడబడిన మీకు కొంతైనా తెలుసు.

మన చర్చిల్లో జక్కయ్య ప్రసంగం ఎక్కువ. దోచినది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నవాడి కథ, మంచిదే. కానీ మన చరిత్రకు దగ్గరగా ఉండేది అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం అని నేననుకుంటాను. ఫిలిప్పీలో పౌలు సీలలను విచారణ లేకుండానే బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నా వాళ్లు పారిపోలేదు. ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుణ్ణి ఆపారు. అతను వాళ్ల గాయాలు కడిగాడు. ప్రసంగాలు సాధారణంగా అక్కడ ఆగిపోతాయి. తెల్లారాక, ఇక వెళ్లిపోండని న్యాయాధిపతులు కబురు పంపితే పౌలు ఒప్పుకోలేదు. అందరి ముందూ కొట్టించి ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకోవలసి వచ్చింది. పారిపోకపోవడం ఎంత సత్ప్రవర్తనో, గౌరవంగా పంపమని అడగడమూ అంతే.

మన దగ్గరికి అలా ఎవరూ రాలేదు. 1952 తర్వాత విముక్త జాతులని కొత్త పేరొచ్చింది, అంతే. అలవాటు నేరస్థుల చట్టాలు మద్రాసులో 1948లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చాయి. 1970లలో స్టువర్టుపురం గడప తొక్కి, ఇళ్లలో కూర్చుని మాట్లాడినవాళ్లు హేమలత, లవణం దంపతులు. ఆమె మహాకవి జాషువా కూతురు, ఆయన గోరా కొడుకు, ఇద్దరూ నాస్తికులు. ఆ సంగతిని ఏ చర్చి వార్షికోత్సవంలోనూ నేను వినలేదు. చెప్పుకుంటే మన విశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు.

సెటిల్‌మెంటు రోజులు చూసిన కళ్లు ఇప్పుడు చాలా కొద్ది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి. పొగాకు కంపెనీలో మీ అవ్వకు రోజు కూలి ఎంత ఇచ్చేవాళ్లు? పాసు మీద ఏం రాసి ఉండేది? పిల్లల ముందు కుర్రు భాష మాట్లాడడం ఎప్పుడు, ఎందుకు మానేశారు? హాజరు లేని మొదటి ఆదివారం గుడికి ఎంతమంది వచ్చారు?