ఎలుకల గదిలో అర్ధరాత్రి

మే నెల. రాత్రి రెండు దాటింది. శామీర్‌పేట దాటాక వచ్చే ల్యాబుల్లో ఒకటి. గాలిదుమారానికి పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది. మీ ఫోనులో అలారం మెసేజ్: నాలుగో గది, 27 డిగ్రీలు.

గౌను, మాస్కు, టోపీ, గ్లవ్స్ తొడుక్కోండి. తాళంచెవుల గుత్తి మాత్రం బయటే పెట్టండి. ఆ గలగలలో మన చెవికి అందని కీచు ఒకటి ఉంటుంది, చిట్టెలుకకు అది పెద్ద మోతే.

తలుపు పక్కన గుండ్రటి మీటరులో ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. అంటే లోపలి గాలి వరండాలోకి తోసుకొస్తోంది, వరండా దుమ్ము లోపలికి పోవడం లేదు. కరెంటు లేనప్పుడు కూడా ఫ్యాన్లు జనరేటర్ మీద తిరుగుతూనే ఉన్నాయి. గంటకు 12 నుంచి 15 సార్లు గదిలో గాలంతా మారాలి, మారుతోంది. ఆగింది చల్లదనమే.

లోపలికి రండి. స్విచ్ వేయకండి! ఇది వాటికి పగటి పూట లాంటిది, పన్నెండు గంటల చీకటిలోనే వాటి తిండీ తిరుగుడూ. ఎర్ర టార్చి చాలు, ఎరుపు వాటి కంటికి దాదాపు ఆనదు. వినండి. పొట్టు గీరుతున్న చప్పుడు. నీళ్ల సీసా మూతి దగ్గర టిక్ టిక్. ఎక్కడో ఒకటి కమ్మీ కొరుకుతోంది.

"టార్చి కిందికి పట్టుండ్రి సార్," అంటాడు అటెండర్. ఇరవై ఏళ్లుగా ఇదే పని. పై వరస కేజ్‌లలో ఉన్న తెల్లవాటి కళ్లలో రంగు ఉండదు. వెలుతురు ఎక్కువైతే రెటీనా పాడవుతుంది. అందుకే వారం వారం పై వరసని కిందికి, కింది వరసని పైకి మారుస్తాడు.

గోడ మీద ఉష్ణోగ్రత మీటరు 24కి దిగింది. ఆయన దాన్ని చూడడు. కింది వరసలో ఒక కేజ్ మూత కాస్త ఎత్తి మిమ్మల్ని వంగమంటాడు. మాస్కులోంచి కూడా ముక్కు చుర్రుమంటుంది. పొట్టు మార్చి ఆరు రోజులైంది. మూత్రంలోని యూరియాని బ్యాక్టీరియా అమోనియాగా మార్చేసింది. గది గాలి ఎన్నిసార్లు మారితే ఏం, ఎలుక పీల్చేది ఈ జానెడు డబ్బాలోని గాలినే. చలి సంగతీ అంతే. మన దేశ మార్గదర్శకాల్లో 18 నుంచి 29 డిగ్రీల దాకా చెల్లుతుంది. ఈ ల్యాబు పెట్టుకున్నది 22. అది గౌను వేసుకున్న మన సుఖం. చిట్టెలుక ఒంటికి హాయి 30 దగ్గర. ఇదిగో, టిష్యూ కాగితం చీల్చి గూడు కట్టుకుని నాలుగూ ఒకదాని మీద ఒకటి పడుకునేది అందుకే. గోడ మీటరు చూసి సంతకం పెట్టే తనిఖీని నేనైతే తనిఖీ అనను.

బయటికొచ్చాక ఆయన కరెంటు డబ్బా తెరుస్తాడు. "ఇది జూడుండ్రి సార్." లైట్ల టైమర్ రెండూ పది చూపిస్తోంది. మీ గడియారంలో రెండూ యాభై. లైట్ల లైను జనరేటర్ మీద లేదు. కరెంటు పోయినంతసేపూ టైమర్ నిలబడిపోయింది. చూడకపోతే ఆరింటికి తెల్లవారాల్సిన గది రేపటి నుంచి ఆరూ నలభైకి తెల్లవారేది. నిద్ర, హార్మోన్లు, ప్రయోగం లెక్కలు అన్నీ దానివెంట జరిగేవి, ఎందుకో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆయన వేలితో ముల్లు తిప్పి, లాగ్ షీటులో టైము రాసి సంతకం పెట్టాడు. ఆ నలభై నిమిషాలకు ఏ అలారమూ మోగలేదు.